‘ఏం కాదులేవే’ అన్నాక తను మాట్లాడటం మానేసింది

ప్రశ్న: నా వయసు 41. మాది అనంతపురం. ఇంటర్ నుంచి నాతో ఉన్న ప్రాణ స్నేహితురాలికి రొమ్ము క్యాన్సర్ అని తేలింది. ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. కర్నూలులో చికిత్స మొదలుపెట్టారు, మొదటి కీమో ఎక్కించి వారం అయింది. విషయం చెప్పిన రోజు ఏం మాట్లాడాలో తోచక ‘ఏం కాదులేవే, ధైర్యంగా ఉండు’ అన్నాను. ‘సరేలే’ అని ఫోన్ పెట్టేసింది. అప్పటి నుంచి సరిగ్గా మాట్లాడటం లేదు. ఇంటికి వెళ్తే ఎదురుగా ఏడ్చేస్తానేమోనని భయం. బంధువులేమో లక్ష్మణఫలం ఆకుల కషాయం తాగించమంటున్నారు. తనకు నేనెలా తోడుండాలి?

జవాబు: అమ్మా, మీకు జలుబు, దగ్గు లేకపోతే ఈ సాయంత్రమే వెళ్లండి. ఏడుపొస్తే రానివ్వండి. మీరు ఏడిస్తే ఆమె కుంగిపోదు. మీరు రాకపోవడమే ఆమెకు ఎక్కువ బాధ.

‘ఏం కాదు’ అనే మాట నేనూ అన్నాను. చాలా ఏళ్ల కిందట బయాప్సీ రిపోర్టు చేతిలో పెట్టుకుని ఒకావిడతో ‘ఏం కాదమ్మా, ధైర్యంగా ఉండండి’ అంటే, ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ‘అయితే నేను ఏడవకూడదా సార్?’ అని అడిగింది. ఆ రోజు నుంచి ఆ మాట వాడటం మానేశాను. మనం ప్రేమతోనే అంటాం. విన్నవాళ్లకు మాత్రం ‘నీ భయం నా దగ్గర చెప్పొద్దు’ అన్నట్టు వినిపిస్తుంది. మీ స్నేహితురాలు అలిగిందని నేను అనుకోవడం లేదు. మీ దగ్గర కూడా ధైర్యం నటించాల్సి వస్తుందేమోనని దూరంగా ఉంది. ‘ఆ రోజు ఏం చెప్పాలో తెలీక అలా అనేశానే. నాకూ భయంగానే ఉంది. నీకెలా ఉంది?’ అని అడిగి ఊరుకోండి. ఆమె పది నిమిషాలు ఏమీ మాట్లాడకపోయినా పక్కన కూర్చోండి. చాలు.

‘ఏదైనా కావాలంటే చెప్పు’ అని మాత్రం అనకండి. మంచం మీద ఉన్న మనిషి నోరు తెరిచి సాయం అడగదు. ‘మంగళవారం, శుక్రవారం రాత్రి వంట నాది’ అనండి, ఆ రెండు రోజులూ తప్పకండి. లేదంటే ఆసుపత్రి పనుల్లో ఒకటి తీసుకోండి. ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ‘ఎన్టీఆర్ వైద్య సేవ’ హెల్ప్ డెస్క్ దగ్గర కార్డులు, జిరాక్సులు పట్టుకుని నిలబడటం ఆ ఇంట్లోవాళ్లకు పెద్ద అలసట. కర్నూలుకు రైల్లో వెళ్తుంటే, ఆసుపత్రి డాక్టరు సంతకం చేసిన రాయితీ పత్రంతో క్యాన్సర్ రోగికి స్లీపర్ టికెట్ ఉచితం, వెంట వెళ్లే ఒకరికి 75 శాతం తగ్గింపు ఉంటుంది. చాలామంది ఈ సంగతి తెలియక పూర్తి ఛార్జీ పెట్టుకుని తిరుగుతుంటారు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. కీమో ఎక్కించాక సుమారు ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు వరకు ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. మీ స్నేహితురాలు సరిగ్గా ఆ రోజుల్లోకి అడుగు పెడుతోంది. ఈ సమయంలో జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరినా, దాటినా అది మామూలు జ్వరం కాదు. పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామనుకోకూడదు, అర్ధరాత్రయినా ఆసుపత్రికి బయల్దేరాలి. చాలామందికి వెంటనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు పడాలి. కర్నూలు దాకా వెళ్లే టైం ఉండదు కాబట్టి, రాత్రిపూట అనంతపురంలో ఎక్కడికి వెళ్లాలో కీమో ఇచ్చిన డాక్టరును అడిగి ఈ రోజే రాసి పెట్టుకోండి. క్యాజువాలిటీలో అడుగు పెట్టగానే చెప్పాల్సిన మొదటి మాట ‘కీమో తీసుకుంటోంది’ అని. డిశ్చార్జ్ కాగితం చేతిలో ఉండాలి.

నా దగ్గర చికిత్స చేయించుకున్న ఒకావిడ వెంట ఎప్పుడూ ఆమె స్నేహితురాలే వచ్చేది. పిల్లల రూళ్ల నోట్‌బుక్ ఒకటి తెచ్చేది. తేదీ, టెంపరేచర్, ఎన్ని ముద్దలు తిన్నది, ఎన్నిసార్లు వాంతి అయింది, అన్నీ పెన్సిల్‌తో రాసి ఉండేవి. రెండో కీమో తర్వాత తొమ్మిదో రోజు పేజీలో ‘రాత్రి 11, జ్వరం 101, ఆటో పిలిచాను’ అని ఉంది. ఆ ఆటో తెల్లారి పిలిచి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె ఝల్లుమంటుంది. మీరూ ఒక థర్మామీటర్, ఒక నోట్‌బుక్ కొనివ్వండి. పళ్లూ హార్లిక్స్ సీసాలూ అందరూ తెస్తారు.

ఆమె జాకెట్లు కుడుతుందన్నారు కాబట్టి ఇంకొకటి చెబుతాను. రొమ్ము క్యాన్సర్‌కు తరచూ వాడే పాక్లిటాక్సెల్ లాంటి మందులతో కొందరికి వేళ్ల కొనలు మొద్దుబారతాయి, చీమలు పాకినట్టుంటాయి. సూదిలో దారం ఎక్కదు, హుక్కు పట్టు దొరకదు. ‘నీరసంలే’ అని ఆమె దాచేస్తుంది. మీరు గమనిస్తే డాక్టరుకు చెప్పించండి, అవసరాన్ని బట్టి మందు మోతాదు మారుస్తారు. ఓపిక ఉన్న రోజుల్లో ఆమెను మిషన్ దగ్గర కూర్చోనివ్వండి. మీ జాకెట్ గుడ్డ ఒకటి ఇచ్చి ‘తొందరేం లేదు, చేతనైనప్పుడు కుట్టు’ అనండి. రోగమొచ్చిందని అన్ని పనులూ చేతిలోంచి లాక్కుంటే మనిషి మరింత ముడుచుకుపోతుంది.

లక్ష్మణఫలం కషాయం వద్దు. అది మనుషుల్లో క్యాన్సర్‌ను తగ్గిస్తుందని ఎక్కడా రుజువు కాలేదు, కీమో మందులతో కలిస్తే ఏమవుతుందో చెప్పలేం. బంధువులతో గొడవ పడకండి, ‘డాక్టర్ వద్దన్నారు’ అని నా మీద వేయండి. చక్కెర పూర్తిగా మానేస్తే గడ్డ చచ్చిపోతుందన్నదీ నిజం కాదు. ఆమెకు కావాల్సింది ఒంట్లో బలం. ఉడికించిన గుడ్డు, పప్పు, మెత్తటి రాగి సంగటి, పెరుగు కొద్దికొద్దిగా నాలుగైదు సార్లు పెట్టండి. నోరు పూస్తే మన సీమ కారాలు కొన్నాళ్లు పక్కన పెట్టాలి. ఎండుమిర్చి పోపు ఘాటుకే కొందరికి కడుపులో తిప్పుతుంది, అందుకే వంట మీ ఇంట్లో చేసి తీసుకెళ్తే మంచిది. బయట కోసి అమ్మే పళ్ల ముక్కలు వద్దు.

రెండు మూడు వారాలకు జుట్టు దువ్వెనకు కుచ్చులుగా రావచ్చు. ‘తిరుపతిలో ఇచ్చాననుకో’ అని ఎవరో ఒకరు అంటారు. మీరు అనకండి. కత్తిరించుకోవాలా, స్కార్ఫ్ కట్టుకోవాలా అన్నది ఆమె ఇష్టం. మందులు పూర్తయ్యాక దాదాపు అందరికీ మళ్లీ వస్తుంది. జబ్బు సంగతి ఎవరికి చెప్పాలో కూడా ఆమెనే అడగండి, వీధిలో మీ నోటి నుంచి పొక్కకూడదు. ఇది అంటువ్యాధి కాదు. కంచం, గ్లాసు వేరు పెట్టే పనిలేదు. ఆ ఇంట్లో ఎవరైనా పెడితే, మీరు వెళ్లి ఆమె పక్కనే కూర్చుని కలిసి తినండి.

రెండు వారాలైనా నిద్ర పట్టకపోయినా, దేని మీదా మనసు లేకపోయినా కీమో డాక్టరుకు తప్పక చెప్పించండి. ‘నేను అందరికీ భారం, పోతేనే మేలు’ అంటే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకండి. ఆమెను ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టరుకు తెలియజేయండి. మానసిక సాయం అందించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు, ఉచితం. టెన్షన్ ఎక్కువైతే మీరూ చేయొచ్చు.

మీకు 40 దాటింది కాబట్టి మీ రొమ్ము పరీక్ష కూడా చేయించుకోండి. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) అవసరమా అన్నది డాక్టరును అడగండి.

– మెడికల్ ఆంకాలజిస్ట్ (క్యాన్సర్‌కు మందులతో చికిత్స చేసే డాక్టరు), కర్నూలు