హెడ్‌సెట్‌లో ట్యూబ్‌లైట్ కొట్టుకుంటోంది, కళ్లకు ప్రమాదమా?

ప్రశ్న: అమెరికాలో వాడుతున్న మెటా క్వెస్ట్ 3ని (కళ్లకు పెట్టుకుని గేమ్‌లు ఆడే వీఆర్ హెడ్‌సెట్) మా తమ్ముడు మాకిచ్చి వెళ్లాడు. అది పెట్టుకుని గదిని చూస్తే ట్యూబ్‌లైట్ వైపంతా కొట్టుకుంటోంది. గేమ్‌లో తెల్లటి సీన్లు వస్తే అంచుల్లో సన్నగా మినుకుమంటోంది. పన్నెండేళ్ల మా అబ్బాయి దాన్ని వదలడం లేదు. కళ్లు పాడవుతాయేమోనని టెన్షన్‌గా ఉంది.
- ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీరు చెప్పినవి రెండూ వేర్వేరు సంగతులండి. మొదటిదానికి కారణం మీ గదిలోని లైటే. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఒక్కో ఊపుకి లైటు రెండుసార్లు వెలుగుతుంది. అలా పాతరకం చోక్ ఉన్న ట్యూబ్‌లైట్ సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంటుంది. మామూలుగా చూస్తే తెలియదు. కానీ హెడ్‌సెట్‌లో గదిని చూసేది కెమెరాలతో. కెమెరా సెకనుకు 60 బొమ్మలు తీస్తే 100తో పొంతన కుదరక, సెకనుకు 20 సార్లు కొట్టుకున్నట్టు కనబడుతుంది. 50 బొమ్మలైతే ఒక్కోదానికి సరిగ్గా రెండు వెలుగులు పడతాయి, గొడవుండదు. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి అక్కడ మీ తమ్ముడికి ఈ బాధ ఎదురై ఉండదు. సెట్టింగ్స్‌లో ట్రాకింగ్ ఫ్రీక్వెన్సీని వెతికి 50 హెర్ట్జ్ పెట్టండి.

రెండోది కావాలని చేసిందే. తల తిప్పినప్పుడు బొమ్మ అలుక్కుపోకుండా ఒక్కో ఫ్రేమ్‌ను క్షణకాలం వెలిగించి, మిగతాసేపు తెరను చీకటిగా ఉంచుతారు. వెలుతురు పెరిగేకొద్దీ ఈ మినుకు తెలుస్తుంది, అదీ కంటి కొసల్లో ఎక్కువ. బ్రైట్‌నెస్ తగ్గించండి. గేమ్‌లో వీలుంటే తెర వేగం (సెకనుకు చూపే ఫ్రేమ్‌లు) 72 బదులు 90 లేదా 120 హెర్ట్జ్ ఎంచుకోండి. బ్యాటరీ తొందరగా అయిపోతుంది, తప్పదు.

ఈ మినుకు వల్ల కొందరికి తలనొప్పి రావచ్చు, కళ్లు లాగొచ్చు. అంతేగానీ చూపు పోతుందని భయపడక్కర్లేదు. ఫిట్స్ ఉన్నవాళ్ల విషయం మాత్రం వేరు. వాళ్లలో కొందరికి సెకనుకు 3 నుంచి 30 సార్లు మెరిసే వెలుగు ప్రమాదం. 1997 డిసెంబరులో జపాన్‌లో పోకెమాన్ ఎపిసోడ్ ఒకదానిలో ఎరుపు, నీలం రంగులు సెకనుకు 12 సార్లు మారే సీన్ చూసి 600 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఎక్కువమంది పిల్లలే, చూసింది మామూలు టీవీలో. మీ ట్యూబ్‌లైట్ చూపిస్తున్న 20 అంత ఘాటైనది కాకపోయినా ఆ హద్దులోకే వస్తుంది. అందుకే ఆ సెట్టింగ్ ఈరోజే మార్చేయండి. ఇంట్లో ఎవరికైనా ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉంటే, డాక్టర్‌ని అడిగాకే బాబుకి హెడ్‌సెట్ ఇవ్వండి.

కళ్లు లాగడానికి రెండు లెన్స్‌ల మధ్య దూరం కుదరకపోవడం కూడా కారణమే. హెడ్‌సెట్ అడుగున ఉన్న చిన్న చక్రాన్ని బాబు కళ్లకు తగ్గట్టు తిప్పండి, మీకు సరిపోయింది వాడికి సరిపోదు. అరగంటకోసారి తీయించండి. తీశాక కిటికీ దగ్గర మాత్రం పెట్టొద్దు, ఎండ లెన్స్ మీద పడితే లోపలి తెర కాలి మచ్చ పడుతుంది.