లోడ్ డిస్పాచ్ సెంటర్‌కి అధిపతి ఎందుకు? షిఫ్టు ఇంజనీర్లు చాలరా?

మీ తమ్ముడు ఈమధ్యే ఒక లోడ్ డిస్పాచ్ సెంటర్‌లో, అంటే పుట్టే కరెంటూ వాడే కరెంటూ నిమిషనిమిషానికీ సరిపోయేలా గ్రిడ్‌ని నడిపే చోట, చేరాడన్నారు. గ్రిడ్‌ని నడిపేది షిఫ్టు ఇంజనీర్లూ కంప్యూటర్లూ అయినప్పుడు, పైన కూర్చునే ఎగ్జిక్యూటివ్ డైరెక్టరుకీ సీఎండీకీ అక్కడ నిజంగా పనేముంటుంది, ఆ కుర్చీలో ఇంజనీరే ఉండాలా అని అడిగారు. నేను ముప్పై ఏళ్లకు పైగా కరెంటు ఉద్యోగం చేసి 2018లో రిటైరయ్యాను. అందులో ఎక్కువ భాగం ఒక రాష్ట్ర డిస్పాచ్ సెంటర్లోనే గడిచింది. ఎక్కడో, ఎవరి కిందో చెప్పను గానీ, జరిగింది జరిగినట్టు చెబుతాను.

ముందు ఒక్క మాటలో ఏర్పాటు చెప్పేస్తాను. దేశంలో ప్రాంతీయ డిస్పాచ్ సెంటర్లు అయిదు. మన దక్షిణాదిది బెంగళూరులో ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు, కేరళ, పుదుచ్చేరి దాని కిందికి వస్తాయి. ఈ అయిదింటి పైన ఢిల్లీలో జాతీయ కేంద్రం ఉంటుంది. వీటన్నిటినీ నడిపే సంస్థ గ్రిడ్ ఇండియా. 2022 వరకు దాన్నే పోసోకో అనేవాళ్లు. రాష్ట్రాలకు ఎవరి డిస్పాచ్ సెంటర్ వారికి వేరుగా ఉంటుంది. ప్రాంతీయ కేంద్రానికి సొంత జనరేటరూ లేదు, ఊళ్లకి కరెంటు మోసే సొంత ఫీడరు లైనూ లేదు. కరెంటు కొని అమ్మడానికి చట్టం ఒప్పుకోదు. దాని చేతిలో ఉన్నది ఫోనూ, మాటా. ఆ మాటకు విలువ ఉండేలా చూడటమే అధిపతి పని.

తొంభైల చివర్లో, నేను కొత్తగా షిఫ్టు ఇన్‌చార్జి అయిన వేసవి. ఫ్రీక్వెన్సీ అంటే త్రాసు ముల్లు లాంటిది; పుట్టే కరెంటు కన్నా వాడకం ఎక్కువైతే దిగుతుంది. అప్పట్లో మన సదరన్ గ్రిడ్‌లో అది 50 ఉండాల్సింది, 48.5 ఉంటే ఇవాళ ఫరవాలేదు అనుకునే రోజులు. ఒక సాయంత్రం ఏడున్నరకి పెద్ద థర్మల్ యూనిట్ ఒకటి ట్రిప్పయింది. గోడ మీది మీటర్లో ఎర్ర అంకెలు దిగుతున్నాయి. 48.4. 48.3. లోడ్ రిలీఫ్ చెప్పాలని, అంటే కొన్ని ఫీడర్లు తీసి భారం తగ్గించమనాలని, నేను పీఎల్‌సీసీ ఫోను (కరెంటు తీగల మీదే నడిచే మా సొంత ఫోను) అందుకునేలోపు పక్కనున్న పీ అండ్ టీ ఫోను, అంటే మామూలు బయటి ఫోను, మోగింది. ఒక పై ఆఫీసు నుంచి. ‘‘ఫలానా టౌను ఫీడరు ముట్టుకోవద్దు, అక్కడ మీటింగ్ నడుస్తోంది’’ అన్నారు. ఆ ఫీడరు ఆ రోజు మా లిస్టులో మొదట్లోనే ఉంది.

నేను ఆగిపోయాను. మా సెంటర్ అధిపతిని, మా సారుని, అడుగుదామని ఇంటికి ఫోను చేస్తే ఎత్తలేదు. ఇంకోసారి చేశాను. అలా ఆరు నిమిషాలు పోయాయి. ఆలోగా ఫ్రీక్వెన్సీ ఇంకా కుంగి, అండర్ ఫ్రీక్వెన్సీ రిలేలు వాటంతటవే పనిచేసి ఫీడర్లని తెంపేశాయి. రిలేకి మీటింగ్ తెలియదు, ఆస్పత్రి తెలియదు. రెండూ చీకటైపోయాయి. నేను సమయానికి తీయించి ఉంటే ఆస్పత్రి ఫీడరు నిలిచేది.

మర్నాడు పొద్దున్నే మా సారు కంట్రోల్ రూముకి వచ్చి లాగ్‌బుక్ తెరిచారు. ఏడు ముప్పై రెండు నుంచి ఏడు ముప్పై ఎనిమిది దాకా నేను ఏమీ రాయలేదు. ‘‘ఈ ఆరు నిమిషాలూ ఎవరికోసం ఆగావు?’’ అన్నారు. ‘‘మీకోసం సార్’’ అన్నాను. ఆయన తిట్టలేదు. ఒక తెల్ల కాగితం అడిగి అక్కడే నిలబడి రాశారు. షిఫ్టు ఇన్‌చార్జి, ఫ్రీక్వెన్సీ ఫలానా అంకె కిందికి పోతే, ఎవరి అనుమతీ లేకుండా, నా అనుమతి కూడా లేకుండా, ఇన్ని మెగావాట్ల వరకు లోడ్ తీయించవచ్చు. ఏ ఫీడరునైనా మినహాయించమని ఎవరు ఫోను చేసినా నా ఇంటి నంబరుకి పంపాలి. జరిగినదానికి బాధ్యత నాది. కింద సంతకం, తేదీ. టైపు చేయించి ఫోను పక్కన గాజు పలక కింద పెట్టించారు.

ఆ తర్వాత ఏడాది పాటు ఫోన్లన్నీ ఆయన ఇంటికే వెళ్లాయి. రాత్రి పదకొండుకీ, ఒంటిగంటకీ. మేం పని చేసుకున్నాం. ఆయన ఎవరికి ఏం చెప్పుకునేవారో మాకు తెలిసేది కాదు. ‘‘వేసవి వస్తే మా ఇంట్లో నిద్ర ఉండదమ్మా’’ అని ఆయన భార్య ఒకసారి మా ఆవిడతో అన్నారట. ఏడాదిన్నరకే ఆయనకి బదిలీ అయింది. కాగితం మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఆయన చేసిన ఇంకో పని మీకు చెప్పాలి. లోడ్ తీయాల్సిన ఫీడర్ల లిస్టు ఎప్పుడూ పల్లెటూళ్లతో మొదలయ్యేది. అక్కడ తీస్తే ఫోన్లు రావు గనక. మా నాన్నది బోరు వ్యవసాయం. లో వోల్టేజీకి మోటారు కాలిపోయి, వైండింగుకని టౌనుకి మోసుకెళ్తే వారం దాకా చేతికొచ్చేది కాదు. ఆ వారంలో మడి నెర్రెలు విచ్చేది. ఇంట్లో అది చూసి పెరిగినవాణ్ణి, డ్యూటీలో అదే లిస్టు ముందేసుకుని పల్లెల పేర్లు చదివేవాణ్ణి. మా సారు ఫీడర్లని గ్రూపులు చేసి వంతులు పెట్టించారు. ఇవాళ ఒక గ్రూపు ముందుంటే రేపు అది వెనక్కి. టౌన్లు కూడా వంతుల్లోకి వచ్చాయి. ఎవరి ఇంట్లో ముందు చీకటి పడాలి అన్నది సాఫ్ట్‌వేర్ తేల్చే విషయం కాదు. ఎవరో ఒకరు కూర్చుని, న్యాయం ఆలోచించి, సంతకం పెట్టాలి.

ఇదంతా పాతకాలం సంగతి అనుకోకండి. 2003 నుంచి మన దక్షిణాదిలో ఏబీటీ అనే కొత్త టారిఫ్ పద్ధతి వచ్చింది. రాష్ట్రం తన షెడ్యూలుకి మించి లాగితే, ఆ సమయానికి ఫ్రీక్వెన్సీ ఎంత తక్కువుంటే అంత ఎక్కువ డబ్బు కట్టాల్సి వచ్చింది. రోజుని పావుగంటల లెక్కన 96 బ్లాకులు చేసి ప్రతి బ్లాకుకీ లెక్క కడతారు. డబ్బు దగ్గరికి వచ్చేసరికి అందరికీ క్రమశిక్షణ వచ్చింది, ఫ్రీక్వెన్సీ చాలావరకు కుదుటపడింది. కానీ 2012 జూలైలో ఏం జరిగిందో చూడండి.

జూలై 30 తెల్లవారుజామున రెండున్నరకి ఉత్తర గ్రిడ్ కూలింది. సుమారు 36,000 మెగావాట్లు. మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకి ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కలిసి పడ్డాయి. సుమారు 48,000 మెగావాట్లు. రెండుసార్లూ ముందుగా తెగింది 400 కేవీ బీనా–గ్వాలియర్ లైనే. కూలడానికి ముందు ఫ్రీక్వెన్సీ 49.68, రెండో రోజు 49.84. మా కాలపు లెక్కలో అవి బంగారంలాంటి అంకెలు. జబ్బు ఫ్రీక్వెన్సీలో లేదు, లైన్లలో ఉంది. చాలా లైన్లు షట్‌డౌన్‌లో, అంటే పనుల కోసం ఆపి, ఉన్నాయి. ఆ కారిడార్లోనే ఒక భాగాన్ని 765 కేవీకి మార్చే పని నడుస్తోంది. మిగిలిన లైను మీద భారం పెరిగింది. ఓవర్‌డ్రాయల్ (వాటాకి మించి లాగడం) తగ్గించండని ప్రాంతీయ కేంద్రాలు చెప్పాయి, రాష్ట్రాలు చాలినంతగా స్పందించలేదు. విచారణ కమిటీ నివేదికలో ఈ సంగతి కారణాల్లో ఒకటిగా రాశారు.

చట్టం ప్రకారం ఆ మాట వినాల్సిందే. 2003 విద్యుత్ చట్టం 29వ సెక్షను. వినకపోతే 15 లక్షల దాకా జరిమానా. కానీ అర్ధరాత్రి రెండింటికి జరిమానా గురించి ఎవరు ఆలోచిస్తారు? షిఫ్టు ఇంజనీరు మెసేజ్ పంపుతాడు, అవతలి షిఫ్టు ఇంజనీరు అందిందని కోడ్ ఇస్తాడు. రెండు లాగ్‌బుక్కుల్లోనూ ఎక్కుతుంది. లోడ్ మాత్రం తగ్గదు. అప్పుడు ప్రాంతీయ కేంద్రం అధిపతి ఆ రాష్ట్ర సెంటర్ అధిపతిని నిద్రలేపి మాట్లాడగలగాలి. అంతకంటే ముందు, నెలనెలా లైన్ల షట్‌డౌన్‌లు తేల్చడానికి జరిగే ఓసీసీ మీటింగులో ‘ఈ నెల ఈ షట్‌డౌన్ ఇవ్వను’ అనగలగాలి. కాంట్రాక్టరు వచ్చి కూర్చున్నాడంటారు, గడువు దాటుతోందంటారు, పైనుంచి ఉత్తరం వస్తుంది. అయినా అనాలి. నన్నడిగితే ఈ ఉద్యోగం మొత్తంలో కష్టమైన పని ఇదే. కాదన్న షట్‌డౌన్ వల్ల ఏ ప్రమాదం తప్పిందో ఎవరికీ కనిపించదు, ఆగిన పని మాత్రం అందరికీ కనిపిస్తుంది.

ఆ రోజు మనం బతికిపోవడానికి ఒక కారణం ఉంది. దక్షిణ గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో నేరుగా కలవలేదు, అవతలి ఫ్రీక్వెన్సీ ఇవతలికి అంటని డీసీ లింకులతోనే ఉండేది. ఒడిశా నుంచి తాల్చేరు–కోలారు లింకు మీదుగా వచ్చే కరెంటు పోయినా, అండర్ ఫ్రీక్వెన్సీ రిలేలు వాటి పని అవి చేశాయి. 2013 డిసెంబర్ 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైనుతో మనం కూడా కలిశాం. ఇప్పుడు దేశమంతా ఒకటే త్రాసు. ఒక మూల తప్పు జరిగితే ముల్లు అందరికీ కదులుతుంది.

ఆ విచారణ తర్వాత డిస్పాచ్ సెంటర్లకి స్వతంత్రం ఉండాలన్న మాట గట్టిపడింది. నిజానికి 2008లోనే గిరీశ్ ప్రధాన్ కమిటీ ఈ సంగతి చెప్పింది. డిస్పాచ్ ఇంజనీర్లకి శిక్షణ, సర్టిఫికెట్, ప్రత్యేక ప్రోత్సాహకం ఉండాలనీ, సెంటర్లని విడిగా నిలబెట్టాలనీ. పోసోకో 2017 జనవరిలో కేంద్ర ట్రాన్స్‌మిషన్ కంపెనీ పవర్‌గ్రిడ్ నుంచి విడిపోయి వేరే ప్రభుత్వ కంపెనీ అయింది. కొన్ని రాష్ట్రాల్లో మాత్రం డిస్పాచ్ సెంటర్ ఇప్పటికీ ట్రాన్స్‌కోలో, అంటే రాష్ట్ర ట్రాన్స్‌మిషన్ కంపెనీలో, ఒక విభాగమే. అక్కడ మూడేళ్లు కష్టపడి నేర్చుకున్న కుర్రాణ్ణి బదిలీ చేసేస్తే, కాదనే అధికారం సెంటర్ అధిపతికి ఉండదు. నా కళ్ల ముందే అలా మంచి మంచి ఇంజనీర్లు పోయారు.

2021 ఫిబ్రవరిలో మా అమ్మాయి డాలస్ దగ్గర ఉండేది. గడ్డకట్టే చలిలో ఇంట్లో రెండు రోజులు కరెంటు లేదు. పిల్లకి మూడు స్వెట్టర్లు వేసి ఒళ్లో పెట్టుకుని వీడియో కాల్ చేసింది. ‘‘వంతులవారీగా తీస్తామన్నారు నాన్నా, మా వంతు అయిపోవట్లేదు’’ అంది. టెక్సస్ గ్రిడ్‌ని నడిపే ఎర్‌కాట్‌లో 15వ తేదీ అర్ధరాత్రి దాటాక ఫ్రీక్వెన్సీ అక్కడ ఉండాల్సిన 60 నుంచి 59.3కి పడింది. 59.4 కింద తొమ్మిది నిమిషాలుంటే జనరేటర్లు ట్రిప్పవుతాయి. నాలుగు నిమిషాలకు పైగా ఉంది. ఆపరేటర్లు వేల మెగావాట్లు తీయించి గ్రిడ్‌ని నిలబెట్టారు. లేకపోతే మొత్తం పడిపోయి, మళ్లీ నిలబెట్టడానికి వారాలు పట్టేది. కానీ తీయాల్సింది 20,000 మెగావాట్ల దాకా పెరిగేసరికి, ఆస్పత్రుల్లాంటి వాటి ఫీడర్లు వదిలేస్తే వంతులు తిప్పడానికి ఏమీ మిగల్లేదు. 246 మంది చనిపోయినట్టు ఆ రాష్ట్ర ప్రభుత్వమే లెక్క చెప్పింది. మార్చి 3న ఎర్‌కాట్ బోర్డు తన సీఈఓ బిల్ మాగ్నెస్‌ని తొలగించింది.

ఆ రాత్రి కంట్రోల్ రూమ్ చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని అని నేనంటాను. లోపమంతా అంతకుముందు ఏళ్లలో ఉంది. ప్లాంట్లని, గ్యాస్ లైన్లని చలికి తట్టుకునేలా చేయించాలని 2011 చలి తర్వాతే చెప్పారు, చేయించలేదు. అది ఒక్క సీఈఓ చేతిలో ఉన్నదీ కాదు. అయినా, వినే అధికారం ఉన్నవాళ్ల ముందు ఈ మాట మళ్లీ మళ్లీ అంటూనే ఉండటం ఆ కుర్చీలో ఉన్నవాడి బాధ్యత. మా అమ్మాయి గొంతు విన్నవాణ్ణి గనక ఇందులో నాకు కొంచెం కోపం ఉంది, దాచుకోను.

బాగా జరిగినదీ చెప్పాలి. 2020 ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిదికి తొమ్మిది నిమిషాలు లైట్లు ఆర్పమన్నారు గుర్తుందా? సిద్ధం కావడానికి దొరికింది రెండు రోజులు. మా ఆవిడ గడప మీద దీపాలు పెడుతోంది. నేను పక్కన నిలబడి ఫోన్‌లో దేశపు ఫ్రీక్వెన్సీ చూస్తున్నాను. లోడ్ 12,000–14,000 మెగావాట్లు తగ్గుతుందని అంచనా వేశారు. తగ్గింది 31,000కి పైగా. అంత తప్పిన అంచనాతో కూడా ఫ్రీక్వెన్సీ 49.70కీ 50.26కీ మధ్యే ఆడింది. కారణం, అంచనా తప్పితే ఏం చేయాలో ముందే రాసిపెట్టుకున్నారు. థర్మల్‌ని ముందుగా తగ్గించి, హైడ్రోని నిండుగా నడిపించి ఉంచారు. లోడ్ పడుతుంటే హైడ్రోని 17,000 మెగావాట్లకు పైగా దించి, మళ్లీ ఎత్తారు. ఎవరు ఏ నిమిషానికి ఏం చేయాలో ప్రతి రాష్ట్రానికీ తెలుసు. తొమ్మిది దాటి ఇరవై నిమిషాలయ్యాక అంకె 50 దగ్గర నిలబడితే నాకు కళ్లు చెమర్చాయి. దీపాల పొగ అనుకుంది మా ఆవిడ.

ఇంకొక అధిపతి గురించి చెప్పి ముగిస్తాను. మంచివారే, కానీ భయస్థులు. ఒక 220 కేవీ లైను ట్రిప్పయిన రోజు, మేం సబ్‌స్టేషనుకి చెప్పిన టైము ఆలస్యమైనట్టు కనిపిస్తోందని, లాగ్‌బుక్‌లో రెండు నిమిషాలు ముందుకి జరిపి రాయమన్నారు. రాశాను. ఈ రోజుకీ బాధ ఉంది. ఆ రెండు నిమిషాలూ సరిగ్గా రాసి ఉంటే, తప్పు మాది కాదు, అవతల రిలే సెట్టింగుదని తేలేది. మూడు వారాలకి అదే లైను అలాగే మళ్లీ పోయింది. ఇప్పుడు పీఎంయూలనే కొలిచే యంత్రాలు వచ్చి గ్రిడ్‌ని సెకనుకి పాతికసార్లు కొలుస్తున్నాయి గనక టైము దాచడం కుదరదు. కానీ ‘మేం ఆలస్యం చేశాం’ అని అధిపతి తనే ముందు చెప్పే చోట కింది ఇంజనీరు నిజం రాస్తాడు. లేని చోట రాయడు.

ఇంజనీరే కావాలా అంటే, నా అభిప్రాయం కావాలనే. డిగ్రీ కోసం కాదు. రాత్రి షిఫ్టులో కూర్చుని, అంకె దిగుతుంటే కడుపులో పుట్టే ఆ వణుకు ఒక్కసారైనా ఎరిగినవాడై ఉండాలి. ఇప్పుడైతే సాయంత్రం సోలార్ పడిపోతున్నకొద్దీ ఆ గంటన్నర ఇంకా కష్టమవుతోంది.

మీ తమ్ముణ్ణి మొదటి వారంలోనే ఒకటి అడగమనండి: నైట్ షిఫ్టులో తను ఎవరినీ అడక్కుండా ఎన్ని మెగావాట్లు తీయించవచ్చో ఎక్కడైనా కాగితం మీద ఉందా అని. ఉంటే కింద సంతకం ఎవరిదో, తేదీ ఎప్పటిదో చూసి రమ్మనండి.