పాలు, పప్పు, గుడ్డు తగ్గించకుండా సరుకుల ఖర్చు తగ్గించుకునే దారి

ప్రశ్న: మాది హైదరాబాద్, వనస్థలిపురం. మావారు ప్రైవేటు ఉద్యోగి, నెలకు చేతికి 72,000 రూపాయలు వస్తాయి. మేమిద్దరం, తొమ్మిదో తరగతి చదివే పాప, ఆరో తరగతి బాబు, మా అత్తగారు కలిసి ఇంట్లో ఐదుగురం. ఫ్లాటు కిస్తీ, పిల్లల ఫీజులు పోగా మిగిలేది చాలా తక్కువ. తిండి ఖర్చే నెలకు 19,600 అవుతోంది. దాన్ని 14,000కు దించాలని, అందుకు పాలు తగ్గించి, తక్కువ రకం బియ్యం కొనాలని మావారు అంటున్నారు. ఎదిగే పిల్లలున్న ఇంట్లో అలా చేయడానికి నాకు మనసొప్పడం లేదు. రెండేళ్లలో పాప ఇంటర్‌లో చేరుతుంది, ఆ ఫీజుకు డబ్బు కూడబెట్టాలి. మూడు నెలల బిల్లులు జతచేశాను. ఏం చేయమంటారు?

జవాబు: మీరు పంపిన బిల్లులన్నీ వరుసగా చూశాను. మీ మనసు ఒప్పుకోకపోవడం సరైనదే. 14,000 రూపాయల్లో ఐదుగురు తినాలంటే పిల్లల కంచంలోంచి తీయాల్సిందే తప్ప వేరే మార్గం లేదు. ఆ లెక్కను దయచేసి వదిలేయండి. అయితే 16,000 లోపుకు రావడం మాత్రం సాధ్యమే, అదీ పాలలో ఒక్క గ్లాసు, పప్పులో ఒక్క గరిటె తగ్గించకుండా.

ముందుగా ఆ 19,600 ఎటు పోతోందో చూద్దాం. బియ్యానికి 2,160, పప్పులు, పల్లీలు, గోధుమ పిండి, రవ్వలకు 2,100, నూనె, నెయ్యికి 1,530, పాలు, పెరుగు ప్యాకెట్లకు 3,780, కూరగాయలు, పండ్లకు 3,600, గుడ్లు, చికెన్‌కు 1,800, చింతపండు, కారం, పసుపు, కాఫీపొడి, చక్కెర వంటి వాటికి 1,130 అవుతున్నాయి. వీటన్నిటినీ కలిపితే 16,100 మాత్రమే. మిగిలిన 3,500లో 2,900 బిస్కెట్లు, నూడుల్స్, పిల్లల పాలలో కలిపే పొడి, జ్యూస్ డబ్బాలు, దోసెల పిండి ప్యాకెట్లకు పోగా, 600 రూపాయలు కేవలం డెలివరీ, హ్యాండ్లింగ్ చార్జీలకే వెళ్లాయి. అంటే మీవారు కోత పెట్టాలనుకుంటున్న చోట కాక, ఎవరూ లెక్కపెట్టని చోట డబ్బు కారిపోతోంది. ఇది మీ ఒక్క ఇంటి సంగతి కాదు. 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం మన దేశంలోని పట్టణ కుటుంబాల మొత్తం ఖర్చులో, హోటల్ తిండితో కలిపి, పానీయాలు, ప్రాసెస్ చేసిన ఆహారం వాటా 11 శాతం దాటింది. పాలు, కూరగాయలు, తిండిగింజల్లో దేని వాటా కూడా అంత లేదు.

కాబట్టి మొదటి మార్పు అక్కడే జరగాలి. పాలలో కలిపే పొడిని ఆరోగ్య పానీయమని నమ్మి చాలామంది కొంటారు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఇలాంటి వాటిని 'హెల్త్ డ్రింక్స్' అనే విభాగంలో పెట్టి అమ్మవద్దని ఆన్‌లైన్ సంస్థలకు సూచించిన సంగతి చాలామంది తల్లులకు చేరలేదు. డబ్బా వెనక చక్కెర ఎన్ని గ్రాములుందో ఒకసారి చదవండి. నాలుగు వందల రూపాయల డబ్బాకు బదులు గుడ్లు కొంటే దాదాపు యాభై వస్తాయి, ఒక్కో గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. అందువల్ల గుడ్ల పద్దు తగ్గించవద్దనే కాదు, వీలైతే కొంచెం పెంచమని కూడా చెబుతాను. దోసెల పిండికి నెలకు 640 రూపాయలు పెడుతున్నారు. మినప్పప్పు, బియ్యం నానబెట్టి వారానికి రెండుసార్లు ఇంట్లో రుబ్బుకుంటే అదే పిండి 200 రూపాయల్లో వస్తుంది. పిల్లలు బడి నుంచి వచ్చేసరికి వేయించిన పల్లీలు, అటుకులు, ఉడికించిన శనగలు సిద్ధంగా ఉంటే బిస్కెట్ల అవసరం దానంతటదే తగ్గుతుంది. అలాగని ఒక్కసారిగా అన్నీ ఆపేసి పిల్లలను నొప్పించవద్దు. ఈ పద్దును 2,900 నుంచి 1,500కు దించితే చాలు, ఇక్కడే 1,400 మిగులుతుంది.

రెండోది కొనే పద్ధతి. గత నెలలో మీరు 22 సార్లు పది నిమిషాల డెలివరీ యాప్‌లో ఆర్డరు పెట్టారు. కొత్తిమీర కట్ట కోసం తెరిచిన యాప్‌లో ఉచిత డెలివరీ పరిమితిని అందుకోవడానికి అక్కరలేని రెండు వస్తువులు చేర్చడం మీ బిల్లుల్లో స్పష్టంగా కనిపిస్తోంది. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి, అయిపోయిన సరుకు దాని మీద రాసి, వారానికి ఒక్కసారే కొనండి. ఇలా చేస్తే చార్జీల్లో 500 ఆగుతుంది. కూరగాయల విషయంలో మీరు అదృష్టవంతులు: వనస్థలిపురంలోనే రైతుబజారు ఉంది. దళారులు లేకుండా రైతు నేరుగా అమ్ముకోవాలని 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఈ బజార్లలో ధరల పట్టిక బోర్డు మీద రాసి ఉంటుంది, ఉదయాన్నే వెళితే సరుకూ తాజాగా దొరుకుతుంది. వారానికి రెండుసార్లు మీవారు ఉదయపు నడక అటువైపు మళ్లించుకుంటే 3,600 పద్దు 2,900కు వస్తుందని నా అంచనా. నాణ్యత తగ్గకపోగా, యాప్‌లో వచ్చే వాడిన తోటకూర బాధ కూడా తప్పుతుంది.

ఇక బియ్యం. తక్కువ రకం కొనవలసిన పని లేదు. మీరు ఐదు కిలోల ప్యాకెట్లలో కిలో 72 రూపాయలకు కొంటున్న సోనా మసూరినే 26 కిలోల బస్తాగా అడగండి. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ఉన్న, లేబుల్ వేసిన ప్యాకెట్ల మీద 5 శాతం జీఎస్టీ పడుతోంది. అంతకు మించిన బస్తాకు ఆ పన్ను లేదు. మన దుకాణాల్లో 26 కిలోల బస్తాలు కనిపించడానికి కారణం ఇదే. పన్ను, ప్యాకింగు ఖర్చు తగ్గడంతో అదే రకం 60 రూపాయల దరిదాపుల్లో దొరికితే నెలకు 30 కిలోల మీద 360 మిగులుతుంది. పాత బియ్యమా, కొత్త బియ్యమా అన్నది తప్పక అడగండి, పాతవి బాగా ఒదుగుతాయి కనుక కిలోకు రెండు రూపాయలు ఎక్కువైనా నష్టం ఉండదు. (రేషన్ కార్డు ఉన్న ఇతర పాఠకులకు ఒక మాట: తెలంగాణలో 2025 ఉగాది నుంచి మనిషికి 6 కిలోల చొప్పున సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు, వాటిని అమ్ముకోకుండా వండుకోవడమే లాభం.)

నూనె గురించి కొంచెం నిక్కచ్చిగా చెప్పాలి. మీ బిల్లుల్లో కనిపిస్తున్న నెలకు ఆరు లీటర్లంటే సుమారు 5,460 గ్రాములు, అంటే మనిషికి రోజుకు 36 గ్రాములు పైనే. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ నిపుణులు సాధారణ పనులు చేసుకునే వారికి నూనె, నెయ్యి అన్నీ కలిపి 30 గ్రాములకు మించవద్దనే చెబుతున్నారు. నాలుగున్నర లీటర్లతో సరిపెట్టుకుంటే 230 రూపాయలు మిగలడంతోపాటు మీ అత్తగారి ఆరోగ్యానికీ మంచిది. కొనేటప్పుడు ప్యాకెట్ మీది గ్రాములు చూడండి. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. అదే పరిమాణంలో కనిపించే ప్యాకెట్లలో 850, 800 గ్రాములవి కూడా ఉన్నాయి, వాటి తక్కువ ధర చూసి మోసపోవద్దు. ప్యాకెట్ మీద కిలోకు లేదా గ్రాముకు ఎంత పడుతుందో ముద్రించాలన్న నిబంధన ఉంది, ఆ చిన్న అక్షరాలనే పోల్చుకోవాలి.

పాల జోలికి వెళ్లవద్దు. పెరుగు ప్యాకెట్లు మాత్రం మానేసి ఇంట్లో తోడు పెట్టుకుంటే, అదనంగా కొనే పాల ఖర్చు తీసేసినా 250 మిగులుతుంది. పెద్దల కాఫీకి టోన్డ్ పాలు వాడినా పరవాలేదు, వాటిలో తగ్గేది వెన్నే కాని మాంసకృత్తులు కావు.

ఏడాది సరుకు గురించి మీరు అడగలేదు, కానీ నాకు అన్నిటికంటే ఇష్టమైన సలహా ఇదే. మా అమ్మ ఎండాకాలంలో కొత్త చింతపండు గింజ తీసి, ఉప్పు చల్లి జాడీకి ఎత్తేది. మిరపకాయలు, పసుపు కొమ్ములు ఎండబెట్టి పట్టించేది. పంట చేతికొచ్చిన నెలల్లో కొనడం వెనుక మంచి ఆర్థిక జ్ఞానం ఉందని నేను ఈ వృత్తిలోకి వచ్చాకే గ్రహించాను. సంక్రాంతి నుంచి ఉగాది తర్వాత వరకు కొత్త కందులు, మిర్చి, పసుపు, చింతపండు అన్నీ మార్కెట్‌కు వస్తాయి. ఆ రోజుల్లో ఏడాదికి సరిపడా చింతపండు, ఎండుమిర్చి, పసుపు కొమ్ములు, ఆరు నెలలకు సరిపడా పాలిష్ చేయని కందిపప్పు కొనండి. మీ వాడకానికి దాదాపు 5,000 రూపాయలు కావాలి. ఆ సొమ్ము ఒకేసారి దొరకదు కాబట్టే చాలామంది చిన్న ప్యాకెట్లు కొంటూ ఎక్కువ చెల్లిస్తారు. అందుకని నెలకు 500 చొప్పున పది నెలల రికరింగ్ డిపాజిట్ ఒకటి దీనికోసమే తెరవండి. క్రెడిట్ కార్డు మీద గాని, తర్వాత కట్టే పద్ధతిలో గాని సరుకులు నిల్వ చేయవద్దు, వడ్డీ పడితే ఆదా అంతా అక్కడికే పోతుంది. పప్పును ఎండబెట్టాక పూర్తిగా చల్లారనిచ్చి డబ్బాకు ఎత్తాలి, వేడి మీద మూత పెడితే చెమ్మ చేరి పురుగు పడుతుంది. కారం, పసుపు గిర్నీలో పట్టించుకోండి. విడిగా అమ్మే కారం పొడి, పసుపు పొడి, విడి నూనె ఎంత చౌకగా దొరికినా వద్దు. రంగులు, కల్తీల భయం ఎక్కువగా ఉండేది అక్కడే. ఇలా ముందుచూపుతో కొంటే సగటున నెలకు 250 ఆదా అవుతుంది.

ఇవన్నీ కూడితే 3,690. దాదాపు 15,900కు మీ పద్దు దిగుతుంది. అయితే ఈ డబ్బు మీ ఖాతాలోనే ఉంటే రెండో నెలకే మరేదో ఖర్చులో కలిసిపోతుంది. జీతం పడిన మరుసటి రోజే 500 ఏడాది సరుకుల డిపాజిట్‌కు, 3,000 పాప ఇంటర్ ఫీజు డిపాజిట్‌కు వాటంతటవే వెళ్లేలా బ్యాంకులో ఆదేశం ఇవ్వండి. నెలకు 3,000 అంటే 24 నెలలకు అసలే 72,000, వడ్డీ అదనం. రెండేళ్లలో కావలసిన డబ్బు కనుక షేర్లకు సంబంధించిన ఫండ్లలో పెట్టవద్దు. మిగిలే 190 రూపాయలను లెక్క తప్పినప్పటి కోసం ఉంచుకోండి.

అన్నీ ఒకే నెలలో మార్చవద్దు. ఈ నెల ఆర్డర్ల సంఖ్య తగ్గించి, బస్తా బియ్యం కొనండి. వచ్చే నెల రైతుబజారు, పెరుగు, పిండి. ఆ తర్వాత పిల్లలతో మాట్లాడి ప్యాకెట్ల సంగతి చూడండి. మీవారికి ఈ లెక్క మొత్తం చూపించి, 14,000 బదులు 16,000కు ఎందుకు ఆగమన్నానో చెప్పండి. మూడు నెలల తర్వాత బిల్లులు మళ్లీ పంపితే, ఎక్కడ తేడా వచ్చిందో కలిసి చూద్దాం.