పాత జంతు నమూనాల బాధ్యత తీసుకున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

వందేళ్లు దాటిన జంతు నమూనాల సేకరణను నీకు అప్పగించారని తెలిసి ఎంతో సంతోషించాను. సందర్శకులు అద్దాల వెనకనున్న పులులను చూసి వెళతారు. నీ అసలు పని లోపలి సొరుగుల్లో వెల్లకిలా పడుకోబెట్టిన పక్షి చర్మాలతో, వాటి కాళ్లకు దారంతో కట్టిన చీటీలతో ఉంటుంది. దొరికిన చోటు, తేదీ, సేకరించినవారి పేరు ఉన్న ఆ చీటీ పోతే మిగిలేది ఈకల మూటే. గాలపాగోస్ దీవుల్లో పట్టిన ఫించ్ అనే చిన్న పక్షుల్లో ఏది ఏ దీవిదో డార్విన్ సరిగా రాసుకోలేదు. 1837లో పక్షి శాస్త్రవేత్త జాన్ గూల్డ్ అవి వేర్వేరు జాతులని తేల్చాక, డార్విన్ తన ఓడ కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ తదితర సహప్రయాణికులు సేకరించిన పక్షుల మీద ఆధారపడవలసి వచ్చింది.

నేను చేరిన కొత్తలో మాసిపోయిన చీటీ ఒకటి విప్పి, శుభ్రంగా తిరగరాసి, పాతది పారేశాను. తిరగరాతలో సంవత్సరం తప్పు పడిందని తర్వాత అనుమానం వచ్చింది. సరిచూసుకోవడానికి పాతది లేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. కావాలంటే కొత్త చీటీ పక్కన కట్టు, పాతదాన్ని మాత్రం విప్పకు.

చేతి తొడుగులు లేకుండా పాత చర్మాలను ముట్టుకోకు. పురుగు పట్టకుండా పూర్వం చర్మం లోపలివైపు ఆర్సెనిక్ కలిపిన సబ్బు పూసేవారు. ఎన్నేళ్లు గడిచినా ఆ విషం విరగదు. కుట్ల వెంట, కళ్ల చుట్టూ తెల్లని పొడి కనిపిస్తే దాన్ని అనుమానించు, కనిపించనంత మాత్రాన లేదనుకోకు.

నమూనా కింద సన్నని పొడి, రాలిన వెంట్రుకలు, లార్వాలు విడిచిన పొరలు కనిపిస్తే పురుగు పట్టినట్టే అనుకుని, ఆ నమూనాను పాలిథీన్ సంచిలో గాలి చొరకుండా మూసి, మైనస్ 30 డిగ్రీల చలిలో కనీసం 3 రోజులు ఉంచు. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా సంచి విప్పకు, లేకపోతే ఈకలకు చెమ్మ పడుతుంది. సీసాల్లో ద్రవం తగ్గితే, అది ఆల్కహాలో ఫార్మలినో తేల్చుకున్నాకే నింపు.

గుడ్ల పెంకుల పెట్టెలు స్థలం తింటున్నాయని ఎవరైనా తీసేయమంటే ఒప్పుకోకు. డి.డి.టి. పురుగుమందు వాడకం మొదలైన కాలం నుంచి డేగల గుడ్ల పెంకులు పలచబడ్డాయని 1967లో బ్రిటిష్ శాస్త్రవేత్త రాట్‌క్లిఫ్ చూపగలిగింది, పాత సేకరణల్లో తేదీలతో సహా దాచిన గుడ్లు ఉండబట్టే. ఆ పెట్టెల మీద తేదీలు చెరిగిపోతున్నాయేమో ఈ వారంలోనే చూసి, రిజిస్టరులో ఎక్కించు.