మోనే తోటకి వెళ్లే ముందు

చిరంజీవి అమ్మడికి, పెద్దమ్మ ఆశీస్సులు.

పారిస్ వెళ్తున్నారనీ, ఫ్రెంచ్ చిత్రకారుడు క్లాడ్ మోనే తోట చూడాలని నీకు ఉందనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం. కానీ ఏప్రిల్‌లో వెళ్లి, కలువలేవీ అని మొహం వేలాడేసుకోకు. ఆయన బొమ్మల్లోని కలువలు బాగా పూసేది ఎండాకాలంలో. వసంతంలో చెరువు మీద ఆకులే తేలుతుంటాయి. ఆ రోజుల్లో చూడాల్సింది ఇంటి ముందు పూలమళ్లు. ఏప్రిల్‌లో టులిప్స్, వాటి కింద నీలం రంగు చిన్నపూలు ఒత్తుగా పరిచినట్టుంటాయి. మే వచ్చేసరికి ఐరిస్‌లు అందుకుంటాయి.

నన్నడిగితే మే మొదటి రెండు వారాల్లో పెట్టుకోండి. చెరువు మీది ఆకుపచ్చ వంతెనకి విస్టీరియా తీగ పాకించారు, దాని గుత్తులు వేలాడేది ఇంచుమించు అప్పుడే. చలిని బట్టి వారం అటూ ఇటూ అవుతుంది.

పారిస్‌లో సాన్ లజార్ స్టేషన్ నుంచి వెర్నోన్‌కి ముప్పావుగంట, గంట ప్రయాణం. అక్కణ్నుంచి తోట ఉన్న ఊరు జివెర్నీకి బస్సుంటుంది. టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో కొనేయండి. ఉదయం తోట తీసే వేళకే గేటు దగ్గరుండండి. అందరూ ముందు ఇంట్లోకి దూరతారు. మీరు మాత్రం రోడ్డు కింద సొరంగంలోంచి నేరుగా చెరువు వైపు వెళ్లిపోండి. పదకొండు దాటితే వంతెన మీద నిలబడ్డానికి చోటుండదు, మీ ఆయన ఫోటోల పిచ్చి అసలు సాగదు.

ఆ చెరువు కూడా దేవుడిచ్చింది కాదే. మోనే 1883లో ఆ ఊరొచ్చి, పదేళ్ల తర్వాత పక్క స్థలం కొని, ఏటి పాయ నీళ్లు మళ్లించి కట్టించుకున్నాడు. ఆయన అందులో వేసే విదేశీ మొక్కలతో నీళ్లు పాడవుతాయని ఊళ్లోవాళ్లు గొడవ పెట్టారు. నీళ్ల తగాదాలు మనకేం కొత్త!

ఇంట్లో పసుపురంగు భోజనాల గది, గోడల నిండా జపాన్ బొమ్మలు చూడు. స్టూడియోలోవి నకళ్లే, వాటి ముందు టైం పోగొట్టుకోకు. అసలు కలువల చిత్రాలు పారిస్‌లో ఆరెంజరీ మ్యూజియంలో ఉన్నాయి, రెండు కోలగా ఉండే పెద్ద గదుల్లో ఎనిమిది. తోట చూశాక వెళ్తేనే అవి బాగా అర్థమవుతాయని నా అభిప్రాయం. ఆ మ్యూజియంకి మంగళవారం మాత్రం సెలవు.

స్వెటరూ గొడుగూ మర్చిపోకు, ఆ ఊరున్న నార్మండీ ప్రాంతంలో వాన చెప్పి రాదు. పులిహోర డబ్బా తోటలో విప్పనివ్వరు, బయటికొచ్చాకే తినండి. తేదీలు ఖాయమయ్యాక నాకో మెసేజ్ పెట్టు.

మీ పెద్దమ్మ