క్యారవాన్‌లో పసిపాప: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

చలికాలం మొదలైనప్పటి నుంచి కర్నూలు, కడప, అనంతపురం వైపు నుంచి వస్తున్న ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం గురించి ఉంటున్నాయి. శని, ఆదివారాల్లో క్యారవాన్ (మంచం, వంట సదుపాయం, మరుగుదొడ్డి ఉన్న బండి) అద్దెకు తీసుకుని, చిన్నపిల్లలతో సహా ఇంటిల్లిపాదీ ఎక్కడికైనా వెళ్లి రావడం ఎలా అని అడుగుతున్నారు. మా అమ్మాయికి రెండేళ్లు నిండినప్పటి నుంచి మా అమ్మను, పాపను వెంటబెట్టుకుని ఇలాంటి బండిలో రాయలసీమ చాలావరకు తిరిగాను కాబట్టి, ఆ అనుభవంతో కొన్నింటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా పాపకు మూడేళ్లు. మా ఆయన, అత్తగారు, నేను, పాప కలిసి శుక్రవారం సాయంత్రం క్యారవాన్‌లో బయలుదేరి గండికోట, బెలుం గుహలు, యాగంటి, అహోబిలం చూసుకుని ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలనుకుంటున్నాం. అద్దె ఎలాగూ రోజు లెక్కన కడుతున్నాం కాబట్టి ఎన్ని చూడగలిగితే అన్ని చూద్దామని మా ఆయన అంటున్నారు. మీరేమంటారు?
- ఒక గృహిణి, కడప

జవాబు: నలుగురు పెద్దవాళ్లు కారులో వెళితే ఇది కుదురుతుంది. మూడేళ్ల పాపతో క్యారవాన్‌లో వెళ్లేటప్పుడు మాత్రం ఆ నాలుగింటిలో మూడింటిని ఈసారికి పక్కన పెట్టి, గండికోట ఒక్కటే ఉంచుకోండి అని చెబుతాను. మీ ఆయన అద్దె గురించి చెప్పిన మాటను ఇంకో వైపు నుంచి చూడండి. మనం క్యారవాన్‌కు అంత డబ్బు పెట్టేది పాపకు తన పక్క, తన దిండు, వేళకు పాలు, చేతికందే దూరంలో మరుగుదొడ్డి ఉంటాయని. ఈ సౌకర్యాలన్నీ బండి ఆగి ఉన్నప్పుడే అక్కరకు వస్తాయి. బండి కదులుతున్నంత సేపూ పాప బెల్టు పెట్టుకుని సీట్లో కూర్చోవలసిందే కాబట్టి, రోడ్డు మీద గడిపే ప్రతి గంటా మీరు కట్టిన అద్దెలోంచి పోయినట్టే. ఒక విడతలో రెండు గంటలు, రోజు మొత్తం మీద మూడు గంటలకు మించి బండి నడపకూడదన్నది మా ఇంట్లో నియమం. నాలుగు ఊళ్లూ చుట్టాలంటే ఆ నియమం మొదటి రోజే తప్పుతుంది.

శుక్రవారం సాయంత్రం ఆఫీసు అయ్యాక బయలుదేరడం కూడా మంచిది కాదు. తెలియని చోట చీకట్లో బండి నిలపడానికి సమతలమైన జాగా వెతుక్కోవడం, అప్పటికే నిద్రకు ఏడుస్తున్న పిల్లను సముదాయించడం రెండూ ఒకేసారి మీద పడతాయి. శనివారం తెల్లవారుజామున ఎర్రగుంట్ల, జమ్మలమడుగు మీదుగా వెళితే పొద్దుటి చల్లదనంలోనే గండికోట చేరుకుంటారు. పెద్ద బండిని కోట లోపలి దాకా తీసుకెళ్లాలని చూడకుండా, పర్యాటక శాఖ హరిత హోటల్‌కు ముందుగా ఫోన్ చేసి, వాళ్ల ఆవరణలో రాత్రికి నిలుపుకోవచ్చునేమో, కరెంటు ఇవ్వగలరేమో అడిగి పెట్టుకోండి.

ఎర్రమల కొండలను చీల్చుకుంటూ పెన్న పారే ఆ లోయ అంచు గురించి కచ్చితంగా ఒక మాట చెప్పాలి. అక్కడ చాలా దూరం కంచె గానీ పిట్టగోడ గానీ ఉండవు. బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉండి, వాటి సందుల్లో పెద్దవాళ్ల కాళ్లకే అడుగు అందదు. సూర్యాస్తమయ వేళ ఫోటోల కోసం జనం ఒక్కసారిగా అంచుకు చేరతారు. పాపను అక్కడికి తీసుకెళ్లే మనిషి చేతిలో ఫోను ఉండకూడదు, రెండో చెయ్యి పాప మణికట్టును పట్టుకుని ఉండాలి. వేళ్లు పట్టుకుంటే పిల్లలు విదిలించుకుంటారు. లోయ దృశ్యం పెద్దవాళ్లకు ఎంత అబ్బురమో, మూడేళ్ల పిల్లకు అంత కాదన్నది కూడా గుర్తుంచుకోండి. మా అమ్మాయి మొదటిసారి అక్కడికి వెళ్లినప్పుడు లోయ వైపు ఒక్కసారి చూసి ముఖం తిప్పేసుకుంది. ఆ తర్వాత మాధవరాయస్వామి గుడి మెట్ల మీద కూర్చుని, ఏరుకొచ్చిన ఎర్రరాళ్లను పెద్దవి ఒక వరుస, చిన్నవి ఒక వరుస పేరుస్తూ గంటకు పైగా ఉండిపోయింది. మా అమ్మ ఆమె పక్కనే బొరుగుల పొట్లం విప్పుకుని కూర్చుంది. ఆ గంట ఎవరూ తొందర పెట్టకపోవడం వల్లనే ఆ రాత్రి పాప మారాం చేయకుండా నిద్రపోయిందని నా నమ్మకం.

బెలుం గుహలు ఆదివారం దారిలో కలుపుకోవాలని మీ ఆయన పట్టుబడితే, ఇది తెలిసి వెళ్లండి. కొలిచిన పొడవు 3,229 మీటర్లు, అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటరు సందర్శకులు నడిచే దారి. గొట్టాల ద్వారా గాలి పంపుతున్నా లోపల ఉక్కపోత ఎక్కువ, కొన్ని చోట్ల వంగి నడవాలి, మెట్లు దిగాలి. పాప కాసేపటికే ఎత్తుకోమంటుంది, మీ అత్తగారికి మోకాళ్లు సహకరించాలి. ఒకరు పాపతో బయట ఉండి, మిగిలినవాళ్లు చూసి వచ్చాక మార్చుకోవడం మేలు. యాగంటి, అహోబిలం ఎక్కడికీ పోవు. వాటికి వేరే వారాలు పెట్టుకోండి.

ప్రశ్న: మాకు రెండున్నరేళ్ల బాబు. క్యారవాన్ వెనక మంచం ఉంది కాబట్టి ప్రయాణంలో వాడిని అక్కడ పడుకోబెట్టి, వాళ్ల అమ్మ పక్కన కూర్చుంటే చాలని బండి యజమాని అంటున్నారు. నిజమేనా?
- ఒక ప్రైవేటు ఉద్యోగి, అనంతపురం

జవాబు: ఒప్పుకోకండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు పదహారు మీటర్లకు పైగా ముందుకు దూకుతుంది. గేదె అడ్డం వచ్చి డ్రైవరు బ్రేకు తొక్కితే బండి ఆగుతుంది కానీ, మంచం మీద ఉన్న బిడ్డ అదే వేగంతో ముందుకు వెళతాడు. పక్కన కూర్చున్న తల్లి చేతులు ఆ బరువును ఆపలేవు, ఎందుకంటే ఆ క్షణంలో ఆమె కూడా విసిరివేయబడుతుంది. చట్టం కూడా ఇదే చెబుతోంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ ప్రకారం, పద్నాలుగేళ్ల లోపు పిల్లలను సీటు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా తీసుకెళితే వెయ్యి రూపాయల జరిమానా ఉంది. జరిమానా సంగతి అలా ఉంచి, అద్దెకు మాట్లాడుకునే ముందు స్వయంగా వెళ్లి, ముందు వైపుకు తిరిగి ఉన్న సీట్లు ఎన్ని, వాటిలో పనిచేసే బెల్టులు ఎన్ని అని లాగి చూడండి. మీ ఇంటి పిల్లల సీటు ఆ బెల్టుతో గట్టిగా బిగిసి, చేత్తో ఊపితే కదలకుండా ఉండాలి. బెల్టు ఉన్న సీట్లు ఎన్నో ప్రయాణికులూ అంతమందే. మంచాలను లెక్కపెట్టి మనుషులను ఎక్కించకూడదు.

బాబు సీట్లో కూర్చుంటే కిటికీలోంచి దారి కనిపిస్తుంది కాబట్టి కడుపులో తిప్పడం కూడా తగ్గుతుంది. రెండేళ్లు దాటిన పిల్లలకు ఈ బాధ మొదలవుతుంది. బయలుదేరే ముందు కడుపునిండా పాలు పట్టకుండా, ఒక ఇడ్లీయో సగం అరటిపండో పెట్టి, ఫోనులో బొమ్మలు చూపించకుండా ఉంటే చాలావరకు సర్దుకుంటుంది.

ప్రశ్న: అనంతపురం నుంచి మొదటిసారి వెళ్లడానికి ఏ చోటు మంచిది?
- ఇద్దరు మనవళ్ల అమ్మమ్మ, అనంతపురం

జవాబు: అమ్మా, మొదటి రాత్రి బండిని మీ ఇంటి ముందే నిలుపుకుని అందులో పడుకోండి. పిల్లలకు ఏది కొత్తగా ఉండి భయం వేస్తుందో, ఏ సామాను మరిచిపోయారో ఆ రాత్రే తెలిసిపోతుంది. ఆ తర్వాత కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు. 1989లో గిన్నిస్ రికార్డులకెక్కిన ఆ చెట్టు దాదాపు ఐదెకరాల మేర ఊడలు దిగి విస్తరించి ఉంటుంది, పిల్లలకు రోజంతా నీడే. లేపాక్షిలో ఏకశిలా నంది, నేలకు ఆనీ ఆనని స్తంభం పిల్లలను కట్టిపడేస్తాయి. స్తంభం కింద నుంచి తువ్వాలు ఈ పక్క నుంచి ఆ పక్కకు లాగే ఆట మా అమ్మాయి మళ్లీ మళ్లీ ఆడింది. గుడి నేల బండలు మధ్యాహ్నానికి కాలిపోతాయి కాబట్టి పొద్దున్నే వెళ్లండి.

ప్రశ్న: క్యారవాన్‌లో ఏసీ ఉంది, బ్యాటరీ కూడా ఉంది. రాత్రంతా ఏసీ నడుస్తుందా? ఏప్రిల్‌లో వెళ్లాలనుకుంటున్నాం.
- ఒక ఉపాధ్యాయుడు, కర్నూలు

జవాబు: మీరు లెక్కలు చెప్పే ఉపాధ్యాయులైతే ఇది క్షణంలో తేల్చేస్తారు. ఉదాహరణకు పన్నెండు వోల్టుల, 150 యాంపియర్-అవర్ల బ్యాటరీలో, ఆ రెంటినీ గుణిస్తే, నిండా 1,800 వాట్-అవర్ల (వాట్లను గంటలతో గుణించిన లెక్క) విద్యుత్తు ఉంటుంది. అది మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే, పాడవకుండా ఉండాలంటే అందులో సగమే, అంటే 900 వాడుకోవాలి. ఒక టన్ను ఏసీ గంటకు సుమారు 1,000 నుంచి 1,200 వాట్-అవర్లు తింటుంది. అంటే గంట కూడా నడవదు. అదే బ్యాటరీ మీద 25 వాట్ల ఫ్యాన్లు రెండు ఎనిమిది గంటలు తిరిగితే 400, చిన్న దీపాలకు మరో 40, ఇంకా మిగులుతుంది. కాబట్టి బయట నుంచి కరెంటు తీసుకునే వీలున్న చోట మాత్రమే ఏసీ మీద ఆశ పెట్టుకోండి.

ఏసీ కోసం ఇంజను ఆన్‌లో ఉంచి, లేదా బండిని ఆనించి జనరేటర్ పెట్టి నిద్రపోవడం అన్నిటికన్నా ప్రమాదకరం. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, నిద్రలో ఉన్నవాళ్లకు లేచే అవకాశం కూడా ఇవ్వదు. చలికాలంలో వెచ్చదనం కోసం లోపల బొగ్గుల కుంపటి పెట్టుకున్నా జరిగేది అదే. ఇక ఏప్రిల్ సంగతి. ఆ నెలలో మన వైపు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ఎండలో నిలిపిన బండి లోపల పది నిమిషాల్లోనే దాదాపు పది డిగ్రీలు పెరుగుతుంది. నిద్రపోతున్నాడు కదా అని ఐదు నిమిషాలు కూడా పిల్లవాణ్ని లోపల వదిలి తాళం వేయకూడదు. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యకు మార్చుకోండి. ఆ నెలల్లో ఓర్వకల్లు రాతివనం దగ్గర ఒక పగలు గడిపి రావడం మీకు తేలికైన ఆరంభం.

ప్రశ్న: క్యారవాన్‌లో వంట చేసుకోవచ్చా? బాబుకు బయటి తిండి పడదు.
- ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: చేసుకోవచ్చు, కానీ బండి ఆగి, తలుపు, కిటికీ తీసి ఉన్నప్పుడే. వంటగ్యాస్ గాలికన్నా బరువైనది కాబట్టి లీకైతే పైకి పోకుండా నేల మీద పరుచుకుంటుంది. ఒకసారి మేము అద్దెకు తీసుకున్న బండిలో రబ్బరు గొట్టం స్టవ్ వెనక బిగింపు దగ్గర పగిలి ఉంది, మాకెవరికీ తెలియలేదు. నేల మీద బొమ్మలతో ఆడుకుంటున్న మా అమ్మాయి ముక్కు మూసుకుని "అమ్మా, కంపు" అంది. నిలబడి కూరగాయలు తరుగుతున్న నాకు ఏ వాసనా రాలేదు. వంగి చూసేసరికి తెలిసింది. స్విచ్‌లేవీ ముట్టుకోకుండా అందరం దిగిపోయి, సిలిండర్ కట్టేసి, తలుపులన్నీ బార్లా తెరిచాం. అప్పటి నుంచి బండి తీసుకునే రోజే గొట్టానికీ బిగింపులకూ సబ్బు నురుగు రాసి బుడగలు వస్తాయేమో చూస్తాను. నేల మట్టంలో గాలి పోయే కంత లేని బండిని, ఎంత కొత్తదైనా, తీసుకోను.

అయినా రెండు రోజులకు పెద్ద వంట అక్కర్లేదు. జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి, బొరుగులు ఇంటి నుంచి తెచ్చుకుని, బాబుకు మాత్రం పూటపూటకూ రాగిజావ, మెత్తటి అన్నం వేడిగా చేసిపెట్టండి. తాగే నీళ్లకు ఇరవై లీటర్ల క్యాను వేరుగా ఉంచండి. బండి ట్యాంకులోవి చేతులకూ గిన్నెలకూ మాత్రమే. విరేచనాలు పట్టుకుంటే, లీటరు నీటికని రాసి ఉన్న ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి, రెండేళ్లు దాటిన పిల్లలకు విరేచనమైన ప్రతిసారీ 100 నుంచి 200 మిల్లీలీటర్లు కొంచెం కొంచెంగా పట్టాలి, మిగిలింది 24 గంటల తర్వాత పారబోయాలి. బిడ్డ మగతగా ఉన్నా, మూత్రం రాకపోయినా తిరుగుప్రయాణం దాకా ఆగకుండా దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి, లేదా 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: బండిలోని మరుగుదొడ్డి ట్యాంకును ఎక్కడ ఖాళీ చేయాలి? దారిలో ఏ వాగులోనైనా పారబోయవచ్చని డ్రైవరు చెప్పారు.
- ఒక పాఠకుడు, కడప

జవాబు: వాగులో వద్దు. గండికోట కింద పారే పెన్న నీరే మైలవరం జలాశయానికి చేరుతుంది. మన పిల్లలకు శుభ్రమైన నీళ్లు కావాలని క్యాను మోసుకెళ్లే మనం, కింది ఊళ్ల పిల్లల నీళ్లలో అది కలపడం తప్పు. మీరు బస చేసే హోటల్‌లో అనుమతి అడిగి వాళ్ల మరుగుదొడ్డిలో ఖాళీ చేయండి, లేదా మూత బిగించి ఇంటికి తెచ్చి మీ మరుగుదొడ్డిలో పోసి, రెండు బకెట్ల నీళ్లతో కడగండి. నలుగురు మనుషులకు చిన్న ట్యాంకు ఒకటిన్నర రోజులో నిండుతుంది, అందుకే పగటిపూట హోటల్, గుడి ఆవరణల్లోని మరుగుదొడ్లు వాడుకుని, బండిలోదాన్ని రాత్రికీ పాపకూ ఉంచుకోండి.