భోజనం చేసిన చోటే డెసర్ట్ తినకండి

పెద్ద నగరానికి కొత్తగా వచ్చాను, మంచి రెస్టారెంట్లు, మంచి డెసర్ట్‌లు ఎలా వెతుక్కోవాలి, ఏ యాప్‌ను నమ్మొచ్చు అని అడిగారు. యాప్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒక్క మాట చెప్తాను, అది పాటిస్తే సగం పని అయిపోయినట్టే. భోజనం చేసిన చోట డెసర్ట్ తినకండి. బిల్లు కట్టేసి లేవండి, నాలుగడుగులు నడవండి, తీపి మాత్రమే చేసే చోటికి వెళ్లి తినండి.

ఇది గాలిలోంచి పుట్టిన అభిప్రాయం కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను అద్దెకున్న గది కిటికీ సరిగ్గా ఒక రెస్టారెంట్ల వరుసకి వెనక సందులోకి తెరుచుకునేది. ముందు వీధిలో లైట్లు, పూలకుండీలు, తలుపు తీసి నమస్కారం పెట్టే మనిషి. వెనక సందులో గ్యాస్ సిలిండర్లు, ఉల్లిపాయ బస్తాలు, బీడీ కాల్చుకుంటూ ఫోన్ మాట్లాడే వంటవాళ్లు. సెలవు రోజున కాఫీ గ్లాసు పట్టుకుని కిటికీలో నిలబడితే చాలు, ఏ వంటింటి సంగతేంటో తెలిసిపోయేది. కూరగాయలు ఎవరు తెల్లారగట్ట తెప్పిస్తారు, నూనె డబ్బాలు ఎవరికి ఎక్కువ దిగుతాయి, అన్నీ కళ్లముందే. మధ్యాహ్నానికి ముందు ఒక కూలింగ్ వ్యాన్ వచ్చేది. తలుపు తీయగానే తెల్లగా పొగ. ఒక కుర్రాడు చేతులకి గ్లౌజులు వేసుకుని అట్టపెట్టెలు దించేవాడు. మొదటి రెస్టారెంటుకి రెండు, పక్కదానికి రెండు, ఆ పక్కదానికి ఒకటి. అన్నీ ఒకే కంపెనీ పెట్టెలు, అన్నింటి మీదా అదే కేకు బొమ్మ. సాయంత్రం ముందు వీధిలోంచి వెళ్లి చూస్తే ఒక చోట ఆ కేకు పేరు 'షెఫ్ స్పెషల్', ఇంకో చోట 'హౌస్ సిగ్నేచర్', మూడో చోట ఎవరిదో నాయనమ్మ పేరు.

సరే, అసలు కథకి వస్తాను. మా పెద్దనాన్న, పెద్దమ్మ ఏదో పెళ్లికని నగరానికి వచ్చి నా దగ్గర దిగారు. పెద్దనాన్నకి తీపంటే ప్రాణం. షుగరు మాత్ర చొక్కా జేబులోనే ఉంటుంది, ముందే వేసుకుని "ఇంక ఏం కాదు" అంటాడు. వాళ్లని మంచి రెస్టారెంటుకి తీసుకెళ్లాను. దాని పేరు చెప్పను, ఇప్పటికీ నడుస్తోంది, భోజనం నిజంగానే బాగుంటుంది. ఆ రోజూ బాగుంది. పెద్దమ్మ అంత తేలిగ్గా దేన్నీ మెచ్చుకోదు, ఆవిడే "పర్లేదే" అంది. తీపి మాత్రం వేరే చోట తిందాం, దగ్గరే అన్నాను. పెద్దనాన్న ఒప్పుకోలేదు. "ఇంత బాగా వండినవాళ్లు తీపి చెడగొడతారా ఏమ్మా?" అని ఆయన లాజిక్కు. వెయిటర్‌ని పిలిచి చాక్లెట్ లేయర్ కేకు చెప్పాడు. "ఇది మీరే చేస్తారా బాబూ?" అని అడిగాడు కూడా. "ఈ రోజు పొద్దున్నే మా షెఫ్ చేశారు సార్" అన్నాడు ఆ అబ్బాయి, తడుముకోకుండా.

రెండు నిమిషాల్లో వచ్చేసింది. పెద్ద పళ్లెం, పళ్లెమంతా వంకరటింకరగా చాక్లెట్ సాస్ గీతలు, పైన పుదీనా ఆకు, మధ్యలో స్కేలు పెట్టి కోసినట్టున్న త్రికోణం ముక్క. ఫోర్కు మొన దగ్గర మెత్తగానే దిగింది. మధ్యలోకి వచ్చేసరికి కరకరమంది. చూస్తే లోపల క్రీము పొరలో సన్నటి మంచు పలుకులు, లైటు కింద మెరుస్తున్నాయి. పెద్దనాన్న ఇదేమీ పట్టించుకోకుండా పెద్ద ముక్క నోట్లో పెట్టుకుని నమలడం మొదలెట్టాడు. నమిలాడు, నమిలాడు, మొహం అదోలా పెట్టాడు. "ఏమ్మా, ఏదో పొర తగులుతోంది, ఇది కూడా తినాలా?" అని నోట్లోంచి మెల్లగా లాగాడు. మైనం పూసిన సన్నటి కాగితం. వేలెడు పొడుగు ముక్క. మిగతాది కేకు పక్కకి అంటుకుని అలాగే ఉంది.

ఈ కాగితం ఏమిటో చెప్తాను. ఫ్యాక్టరీలో కేకు చేసి, ముందే ముక్కలుగా కోసి, ముక్కకీ ముక్కకీ మధ్య ఒక కాగితం పెట్టి గడ్డకట్టిస్తారు. లేకపోతే ముక్కలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. వంటింట్లో ఒక్కో ముక్క తీసి, కాగితం లాగేసి, మంచు వదిలేదాకా ఆగి వడ్డించాలి. ఆ రోజు హడావుడిలో కాగితమూ లాగలేదు, మంచు వదిలేదాకా ఆగనూ లేదు. పొద్దున్నే షెఫ్ చేసిన కేకులో ఆ కాగితానికి పనేముంది?

మేనేజర్‌ని పిలిచాను. ఆయన కాగితం వైపు చూశాడు, నా వైపు చూశాడు. "అది ప్రెజెంటేషన్ కోసం మేడం" అన్నాడు. పెద్దమ్మ పక్కనుంచి "పోనీలేవే, ప్లాస్టిక్ కాదుగా" అంది. బిల్లులోంచి కేకు తీసేయించేదాకా నేను కదల్లేదు. ఈలోపు పెద్దనాన్న మిగతా ముక్క శుభ్రంగా తినేసి, మంచు కరిగాక బాగానే ఉంది అని సర్టిఫికెట్ ఇచ్చాడు. ఇంట్లోవాళ్లే ఇలా ఉంటే ఇంక నాలాంటివాళ్లు ఏం పోరాడతారు చెప్పండి.

న్యాయంగా మాట్లాడితే రెస్టారెంటు వాళ్ల బాధా ఉంది. బేకింగ్ వేరే విద్య. కూర వండేవాడు ఉప్పు తక్కువైతే చివర్లో వేస్తాడు, కేకు ఓవెన్‌లోకి వెళ్లాక ఎవడూ ఏమీ చేయలేడు. దానికి వేరే మనిషి కావాలి, వేడి తగలని వేరే చోటు కావాలి. పొయ్యిల పక్కన వెన్నతో, చాక్లెట్‌తో పని చేయడం కుదరదు. పైగా నలుగురు కలిసి ఒక్క కేకు ముక్క, నాలుగు చెంచాలు చెప్పి అరగంట కూర్చుంటారు, బయట టేబుల్ కోసం జనం నిలబడి ఉంటారు. ఆ అరగంటలో ఇంకో భోజనం బిల్లు లేచేది. అందుకే చాలా చోట్ల డెసర్ట్ అంటే మెనూ చివరి పేజీ నింపడం, అంతే.

అయినా మనం ఎందుకు అడుగుతాం అంటే, పొట్ట నిండినా తీపికి చోటుంటుంది కాబట్టి. మీకే కాదు, అందరికీ. 1981లో ఆకలి, తిండి మీద పనిచేసే పరిశోధకురాలు బార్బరా రోల్స్ బృందం దీని మీద పరిశోధన చేసింది. ఒక పదార్థం కడుపునిండా తింటే దాని మీద మోజు తగ్గుతుంది, తినని వేరే రుచుల మీద మాత్రం అంతగా తగ్గదు. మెనూ రెండోసారి మన చేతికి వచ్చేది సరిగ్గా ఆ నిమిషంలోనే.

లావా కేకు గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే నాకు నిద్ర పట్టదు. ఇప్పుడు ఏ మెనూ తెరిచినా లావా కేకే. 1981లోనే ఫ్రాన్సులో మిషెల్ బ్రా అనే షెఫ్, గడ్డకట్టించిన చాక్లెట్ ముద్దని పిండి మధ్యలో పెట్టి బేక్ చేసి, కోస్తే లోపలి చాక్లెట్ కారేలా చేశాడు. అప్పట్లో అది అద్భుతం. ఇప్పుడు అది ఊరూరా ఎందుకుందంటే రుచి కోసం కాదు, ఫ్రీజర్‌లో నెలల తరబడి పడి ఉంటుంది, మైక్రోవేవ్‌లో నిమిషంలో లేస్తుంది, ఎవరు బటన్ నొక్కినా ఒకేలా వస్తుంది. పక్కన ఒక స్కూప్ వెనిలా పెడితే లోపాలన్నీ కప్పబడిపోతాయి.

తప్పనిసరై రెస్టారెంటులోనే తినాల్సి వస్తే, ఫ్రీజర్‌లో దాచలేనిది అడగండి. గుడ్డు, పాలతో చేసే కస్టర్డ్‌ని గడ్డకట్టించి కరిగిస్తే విరిగి నీళ్లు వదులుతుంది. అందుకని కారమెల్ కస్టర్డ్ బాగుందంటే అక్కడ ఎవరో చేస్తున్నారన్నమాట. క్రెమ్ బ్రూలే అయితే ఇంకా మంచిది, అదీ కస్టర్డే, పైన చక్కెర పొర అప్పటికప్పుడు కాల్చాల్సిందే, చెంచాతో తడితే టక్‌మని పగలాలి. ముందే కాల్చి పెడితే తేమకి ఆ పొర కరిగిపోతుంది. సూఫ్లే, అంటే గుడ్డు తెల్లసొన గిలక్కొట్టి ఓవెన్‌లో పొంగించేది, చెప్తే ఇరవై నిమిషాలు ఆగాలి అన్నారా, సంతోషంగా ఆగండి.

ఇప్పుడు యాప్‌లు. స్టార్ల వెనక డబ్బుంది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో మైకేల్ లూకా 2011లో సియాటిల్ రెస్టారెంట్ల లెక్కలు తీసి, యెల్ప్ అనే రివ్యూల యాప్‌లో ఒక్క స్టార్ పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం పెరుగుతోందని చూపించాడు, అదీ చైన్లకి కాదు, సొంతంగా నడిపే హోటళ్లకి. అంత లాభం ఉన్నచోట దొంగ రివ్యూలు పుట్టకుండా ఉంటాయా? 2017లో లండన్‌లో ఊబా బట్లర్ అనే అతను తన పెరట్లోని షెడ్డుని రెస్టారెంటుగా ట్రిప్‌అడ్వైజర్ అనే రివ్యూల సైట్‌లో పెట్టి, స్నేహితుల చేత రివ్యూలు రాయించి, నగరంలో నంబర్ వన్ స్థానానికి తెచ్చాడు. అక్కడ అసలు రెస్టారెంటే లేదు. ఫొటోల్లో డెసర్ట్ మీద క్రీములా కనిపించింది షేవింగ్ ఫోమ్. జనం టేబుల్ కోసం ఫోన్ల మీద ఫోన్లు చేశారు.

నాలుగుకి పైగా స్టార్లు అందరికీ ఉన్నాయి, ఆ అంకె చూడకండి. కొత్త రివ్యూలు ముందుకి తెచ్చుకుని మూడు స్టార్లవి చదవండి. ఐదు ఇచ్చినవాళ్లలో సగంమంది ఫ్రీ ఐస్‌క్రీం కోసం ఇచ్చినవాళ్లు, ఒకటి ఇచ్చినవాళ్లు పార్కింగ్ గొడవతో వచ్చినవాళ్లు. మూడు ఇచ్చినవాడు కూర్చుని ఆలోచించి రాస్తాడు, కూర బాగుంది, రొట్టె చల్లారింది అని విడమర్చి చెప్తాడు. హోటల్ పెట్టిన ఫొటోలు కాకుండా తిన్నవాళ్లు వంకరగా తీసిన ఫొటోలు చూడండి. ఇద్దరు వేర్వేరు హోటళ్లలో తీసిన కేకు ఫొటోల్లో ముక్క అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉందా, మా సందులోకి వచ్చిన వ్యాన్ అక్కడికీ వస్తోందన్నమాట.

రీల్స్ చేసేవాళ్ల మాట అసలు ఎత్తకండి. మిషెలిన్ అనే ఫ్రెంచి రెస్టారెంట్ గైడు వాళ్లు 1926 నుంచి స్టార్లు ఇస్తున్నారు, వాళ్ల ఇన్‌స్పెక్టర్లు ఎవరో చెప్పకుండా వెళ్లి, బిల్లు కట్టి వస్తారు. మన వీరులు ముందే ఫోన్ చేసి, లైటు పెట్టుకుని వెళ్లి, ఒక్క చెంచా నోట్లో పెట్టుకోకముందే కళ్లు మూసి "ఓ మై గాడ్" అంటారు.

మరి మంచి డెసర్ట్ దుకాణం ఎలా దొరుకుతుంది? నాకు తెలిసి 'అయిపోయింది' అనే మాట వినబడే చోటు మంచిది. అద్దాల బీరువా రాత్రి పదికి కూడా నిండుగా, రంగురంగులుగా ఉంటే నాకు అనుమానం. పొద్దున్న చేసింది సాయంత్రానికి ఖాళీ అయితే రేపు మళ్లీ కొత్తగా చేస్తారు. నాలుగైదు రకాలు మాత్రమే ఉన్న చోటుకి వెళ్లండి, నలభై రకాలు ఒక చిన్న దుకాణంలో రోజూ ఎవరూ చేయలేరు. బేకరీ అయితే సరుకు ఓవెన్‌లోంచి ఎప్పుడు దిగుతుందో అడిగి ఆ టైముకి వెళ్లండి. పిండితో చేసినవి ఫ్రిజ్‌లో పెడితే పాడవవు గానీ బయటకన్నా తొందరగా బిరుసెక్కుతాయి. ఇంట్లో రొట్టె ఫ్రిజ్‌లో పెట్టి చూసినవాళ్లకి ఇది తెలిసిందే.

ఐస్‌క్రీం దుకాణంలో పిస్తా రంగు చూడండి. చిలకపచ్చగా మెరిసిపోతుంటే అది రంగు డబ్బాలోంచి వచ్చింది, అసలు పిస్తాపప్పు రుబ్బితే కాస్త మట్టి కలిసిన పచ్చ వస్తుంది. అరటిపండుది పసుప్పచ్చగా ఉన్నా అంతే, లోపల పండు తెల్లగా ఉంటుంది కదా. డబ్బా చేత్తో ఎత్తి చూడండి. చవకరకంలో సగం దాకా గాలే ఉంటుంది, అదే సైజు డబ్బా బరువుగా ఉంటే అందులో సరుకుంది. రుచి చూడ్డానికి చిన్న చెంచాతో ఇస్తారు, మొహమాటపడకుండా అడిగి తీసుకోండి.

రెస్టారెంట్ల సంగతి మీరు అడిగిన దాంట్లో సగం కన్నా తక్కువే చెప్పాను, తెలుసు. మీరుండే వీధిలో రాత్రి షిఫ్టు అయ్యాక మందుల షాపు కుర్రాళ్లు, సెక్యూరిటీ వాళ్లు ఎక్కడ తింటున్నారో అడగండి, భోజనానికి అంతకన్నా మంచి అడ్రసు ఏ యాప్ ఇవ్వదు. కాకపోతే డెసర్ట్ గురించి మాత్రం వాళ్లని అడగొద్దు, వాళ్లు తినేసి నేరుగా ఇంటికెళ్లి పడుకుంటారు.